ఒక్కటే పట్టీ

కెప్టెన్ పట్టీ ఒక్కటే ఉంది మాకు.
అదీ నా పాత మోకాలి క్యాపు కత్తిరించి
దర్జీ హబీబుల్లాతో కుట్టించింది.
మొదటి సగం నరహరి చేతికి,
రెండో సగం ఇస్సాకు చేతికి.
మధ్యలో నారింజ తొనలు నములుతూ
ఒకడు విప్పుతాడు, ఇంకొకడు తొడుక్కుంటాడు,
తడితడిగానే.
సల్మాబాద్ గాలిలో చెమట ఆరదు.

తొమ్మిది మ్యాచులు, ఎనిమిది ఓటములు.
ఒకటి డ్రా.
ఆ రోజు అవతలి జట్టు వ్యాను
సిత్రా వంతెన మీద చెడిపోయి
ఎనిమిది మందే వచ్చారు.

క్లబ్బు పేరు గోదావరి.
నరహరిది ధర్మపురి, ఇస్సాకుది రాజోలు.
"మేం తాగి ఇడిసిన నీళ్లేరా మీకొచ్చేది" అని వాడు,
"మా దగ్గరకొచ్చాకే దానికి సముద్రం దొరికింది" అని వీడు.
ఒకడు ఏసీ డక్టులు మోస్తాడు,
ఒకడు బేకరీలో తెల్లవార్లూ పిండి పిసుకుతాడు.
ఇద్దరికీ కలిపి నలభై నాలుగేళ్లు.
నాకొక్కడికే నలభై ఒకటి.

పట్టీ ఇచ్చింది నేనే.
ఒక్కడికిస్తే రెండోవాడి ఊళ్లవాళ్లు ఆటకు రారు,
అందుకని ఇద్దరికీ.
తెలివి అన్నారు అంతా.
పిరికితనమని నాకు తెలుసు.

మొదట్లో ఇద్దరూ నాలాగే అరిచారు.
ఒకడు ముందుకంటే ఒకడు వెనక్కి,
మధ్యలో కుర్రాళ్లు
సిగ్నల్ లైటు పోయిన కూడలిలో కార్లలా.
ఐదో మ్యాచులో ఆరు గోల్స్ తిని
ఇసుకలో వెల్లకిలా పడ్డాం.
తుబ్లీ వైపు నుంచి మురుగు కంపు.
ఎవరూ లేవలేదు.
ఇస్సాకు లేచి
పరంజా పైపుల గోలుకు కట్టిన వల విప్పసాగాడు.
అద్దె వల అది, పదకొండింటికి తిరిగివ్వాలి.
నరహరి రెండో కొస పట్టుకున్నాడు.
మాటల్లేవు.
చేపల వల మడిచినట్టు మడిచారు,
ఇస్సాకు వాళ్ల నాన్న పద్ధతట.

తర్వాత కేకలు తగ్గాయి.
ఎవడికి నైట్ డ్యూటీ,
ఎవడి వీసా ఈ నెలతో సరి,
ఎవడు మూడు రోజులుగా ఖుబ్బూసు, టీతో నెట్టుకొస్తున్నాడు,
బేకరీ బిల్లు వెనకాల రాసుకునేవాళ్లు.
ఆ చీటీ చూసే జట్టు కట్టేవాళ్లు.
ఓబులేసు పెనాల్టీని గోడ అవతలికి తన్నిన రోజు
వాడికి జీతం రాక నాలుగో నెలని
మాకెవరికీ గుర్తు లేదు.
బంతి కోసం గోడ దూకింది కెప్టెన్లే,
ఇద్దరూ.

గురువారం రాత్రి నా మంచం దగ్గరికి వచ్చారు.
పై బంకు నుంచి వేలాడే లుంగీ కింద
తలలు వంచి నిలబడ్డారు.
నరహరి నా మందుల డబ్బా ఎత్తి, చూసి, పెట్టాడు.
ఇస్సాకు బన్ను ఇచ్చాడు, ఇంకా వేడిగా ఉంది.
అప్పుడే అర్థమైంది నాకు.
అయినా సాయం చేయలేదు,
చెప్పడం నేర్చుకోవాలిగా.

"అన్నా" అన్నాడు నరహరి. ఆగాడు.
పట్టీ అప్పుడు ఎవరి చేతికీ లేదు.
"రేపు గోల్ల నువ్వు వద్దే.
ఎడమదిక్కు వంగుతలేవు.
మూడు గోల్స్ అట్లనే పోయినయ్."
ఇస్సాకు నా కళ్లలోకే చూస్తూ,
"ఇద్దరం కలిసే అనుకున్నామండీ.
వాడొక్కడి మాట అనుకోకండి."

వీళ్లు ఒకరి మీదికి ఒకరు నెట్టుకుంటారని,
మధ్యలో నేను పెద్దమనిషిగా మిగలొచ్చని
లోపలెక్కడో ఒక లెక్క ఉండేది నాకు.
బన్ను తుంచి తిన్నాను.
ఉప్పు తక్కువైందన్నాను.

శుక్రవారం, గ్యారేజీ లైట్ల వెలుగులో
గీతకు బయట, నీళ్ల డబ్బా పక్కన నేను.
గోల్లో పంతొమ్మిదేళ్ల పోశెట్టి.
ఎడమకు వంగి ఒకటి ఆపాడు,
రెండు వదిలాడు.
పదోదీ ఓడిపోయాం, రెండు ఒకటి.
మా ఆ ఒకటి ఎవడు వేశాడో రాయను,
వాడికి తలకెక్కుతుంది.

విరామంలో నరహరి పట్టీ విప్పి
ఇస్సాకుకు ఇవ్వబోయి
నా వైపు విసిరాడు.
"అన్నా, జర పిండియ్యి."
పిండాను.
ఇసుక మీద నాలుగు చుక్కలు పడ్డాయి.
అవి ఇంకేలోపే
వాడు తొడుక్కుని వెళ్లిపోయాడు.