ఒక్క ర తక్కువ

మగ్గం సామానుకు యాభై వేలు అడుగుదామని
పోచమ్మ మైదాన్ బ్యాంకుకు పోతే
అద్దం వెనక పిలగాడు
కంప్యూటరు దిక్కే చూసుకుంట అన్నడు:
"అమ్మా, నీ పేరు మీద ఆరు లోన్లున్నయి.
ఒక్కటి గూడ కట్టలేదు."

నేను నవ్విన.
నాకున్నది ఒక్కటే అప్పు బిడ్డా,
కిరాణం సాంబయ్యకు మూడు వందల నలభై,
అది నీ డబ్బాల ఉండదు అన్న.

వాడు నవ్వలే.
కాగితం తీసి ఇచ్చిండు,
అప్పుడే పెనం మీదికెల్లి దించిన రొట్టె లెక్క వేడిగున్నది.
అండ్ల నేను
సూరత్‌ల ఫోను కొన్న.
ఇండోర్‌ల ఫ్రిజ్ కొన్న.
ఎన్నడు పేరినని ఊర్లె మోటరుసైకిలు కొన్న,
నాకు సైకిలే తొక్కరాదు.
రాత్రి రెండుంబావుకు మూడు వేలు తీసుకున్న,
రెండు ఇరవైకి ఇంకో నాలుగు.
ఆ యాళ్లకు కొత్తవాడల కరెంటు లేదు,
దోమలు కొట్టుకుంట పండుకున్న.

ఎవరామె?
నా నంబరేసుకొని తిరిగేటామె
ఆ ఫ్రిజ్‌ల ఏం పెట్టుకుంటది?
సల్లటి నీళ్లు తాగినప్పుడు
పొలమారుతదా, నేను తలుసుకుంటున్నందుకు?

చౌరస్తా కాడ జిరాక్సు దుకాణంల
ఒకనాడు రెండు కాపీలు అడిగిన.
మిషిను మూడు మాట్ల మెరిసినట్టు
ఇప్పుడు యాదికొస్తున్నది.
లేకుంటే ఆ యాదిని గూడ నేనే నేసుకుంటున్ననో.

ఇగ ఫోన్లు.
ఒకడు హిందీల తిడుతడు, ఒకడు తెలుగుల బతిమాలుతడు:
"రెండు వేల మూడు వందలు కట్టు, ముచ్చట ఒడుస్తది."
మా చెల్లె గూడ అన్నది, కట్టెయ్యక్కా, పీడ పోతది.

కడితే నాదే అయితది.
ఒక్క రూపాయి కట్టినా
ఆ ఫ్రిజ్ నాదే, ఆ మోటరుసైకిలు నాదే,
ఆ రాత్రి రెండుంబావు నాదే.
కట్ట.

సుబేదారిల పోలీసాయన దరఖాస్తు రాయమన్నడు.
రాసింది జరీనా,
పక్క మగ్గమామె బిడ్డ, ఇంటర్ రెండో సాలు.
రాసుకుంట రాసుకుంట ఒక్క కాడ వేలు ఆపింది:
"పెద్దమ్మా, ఇండ్ల నీ పేరు అనసూయ అని ఉన్నది."

నేను అనసూర్యను.
మా అమ్మ నోట్లె పుట్టిన పేరు.
బడిల పంతులు దిద్దబోతే
మా నాయిన దిద్దనియ్యలే.
ఆధార్‌ల అనసూర్య, రేషన్ కార్డుల అనసూర్య,
పెండ్లి పత్రికల గూడ అనసూర్యనే.

దొంగ ఎవరో గని సదువుకున్న మనిషి.
తప్పువడ్డదనుకొని నా పేరు సరిజేసిండు.
అండ్లనే దొరికిండు.

ఆరు లోన్లకు ఆరు ఉత్తరాలు.
ఒక్కో ఉత్తరానికి ముప్పై రోజుల ఎదురుచూపు.
జంపఖాన కింద ఎన్నడో తప్పువడ్డ పేక
మీదికెల్లి ఒక్కో వరుస ఇప్పుకుంట పోతెనే చేతికొస్తది.
కత్తెర వెడితే పడుగంత ఆగం.
ఈ పని నాకేమన్న కొత్తదా.

ఫోను పోయింది. ఫ్రిజ్ పోయింది.
మోటరుసైకిలు బతుకమ్మ దాటినంక పోయింది.
మూడు వేలు, నాలుగు వేలు
ఎట్ల వచ్చినయో అట్లనే, ఒక్కనాడే పోయినయి.
ఆరోది ఇంక ఉన్నది.
ఏం కొన్ననో గూడ రాసి లేదు,
ఉత్త పదకొండు వేలు,
పక్కన 'విచారణలో ఉంది' అని.

నిన్న సాంబయ్య దుకాణానికి పోయిన.
మూడు వందల నలభై చేతిల పెట్టిన.
పాత బుక్కు తీసి
పెన్సిలు నాలుకకు అద్దుకొని
అడ్డం గీత కొట్టిండు.
ముప్పై రోజులు పట్టలే.

ఆ బుక్కుల నా పేరు
'జంపఖానల అనసూర్య',
ర కొంచెం పెద్దగనే ఉన్నది.

చాపత్త ఒక పొట్లం తీసుకొని
రాసుకో అన్న.