మాట అందించేవాడు

గుంతకల్లులో ముప్పై రెండేండ్లు
పట్టాలు మార్చే పని నాది.
డ్యూటీ దిగినాక, ఇన్‌స్టిట్యూట్ స్టేజీ మీద
తెర పక్కన ముక్కాలిపీటేసుకోని
మర్చిపోయినోళ్లకు మాట అందించే పని.
మొదటిదానికి జీతమిచ్చినారు.
రెండోదానికి టీ, ఒక్కోసారి మిక్చరు.

ఇప్పుడు
పాత గూడ్సు షెడ్డు ఎనకాల, మత్తు మాన్పించే ఇంట్లో
మంగళవారం, శుక్రవారం, సాయంత్రం నాలుక్కి
ఆరుగురు పిల్లోళ్లు నాకోసం చూస్తుంటారు.
పిల్లోళ్లంటే పిల్లోళ్లు కాదు,
ఒకడికి ఇద్దరు బిడ్డలు.

మొదటి దినం ఎవురూ నోరు తెరవలేదు.
వణికే చేతుల్ని తొడల కింద పెట్టుకోని కూసున్నారు.
డాక్టరమ్మ "ఏదో ఒకటి ఆడించండి" అని పాయ.
ఏమాడియ్యాల?
రాజు వేషం కడదామంటే
కిరీటం బరువుకే పడిపోయేట్టుండారు.
మీ ఇండ్లల్లో జరిగిందే ఆడదాంరా, అంటి.
గంజాయి అమ్మేవాని వేషానికి ఆరుగురూ చెయ్యెత్తినారు.
అమ్మ వేషానికి
ఒక్క చెయ్యి గూడా లేయలేదు.

చీటీలేస్తే వన్నూరప్పకు పడింది.
చీర నేనే తెస్తి. మా ఇంటామెది,
పెట్టె తెరిచి నాలుగేండ్లాయ, ఇంకా కలరా ఉండల వాసన.
కట్టడం రాక లుంగీ మాదిరి చుట్టుకున్యాడు.
అందరూ నవ్వినారు.
వంట చేసే సుంకమ్మ గరిట పట్టుకోనే
వాకిలికాడికొచ్చి చూసింది,
ఈ ఇంట్లో ఇదేం సప్పుడని.

ఒక సాయంత్రం వాడన్యాడు:
"తాతా, నాకూ లోపల ఒకడుండాడు, నీ మాదిరే.
పీటేసుకోని, చెవికాడ.
నేను మర్చిపోకముందే అందిస్తాడు.
ఇంకొక్కటి.
ఇదొక్కటే.
రేపట్నుంచి మానేద్దువులే.
వాని పుస్తకంలో ఉండేది ఆ మూడు మాటలే."
నేనేం జెప్పాల?
నా బతుకంతా గుసగుసే. దాని బలం నాకు తెలుసు.
"వాని గొంతు నాకంటే పెద్దదా?" అంటి.
"పెద్దది కాదు తాతా. దగ్గర."

నాటకం నాడు ఇండ్లకాడోళ్లొచ్చినారు.
బెంచీలు చాలక చెనిక్కాయల గోతాలు పరిస్తిమి.
మూడో వరసలో వన్నూరప్ప వాళ్లమ్మ సాలమ్మ,
చెప్పులు ఒళ్లో పెట్టుకోని,
ఎప్పుడన్నా లేచిపోయే మాదిరి.

వాడు కొయ్యకు తగిలించిన అంగీ జేబులో చెయ్యి పెట్టినాడు.
పొట్లం తీసినాడు. ఉత్త టీపొడి.
గుండె బాదుకున్యాడు.
"నా కడుపునే ఏంటికి పుట్టినావురా" అన్యాడు.
తర్వాత మాట రాలేదు.
పుస్తకంలో నా ఏలు ఆ వరస కిందే ఉంది.
నోరు తెరిస్తి.

సాలమ్మ లేచింది.
"నేనట్ల అనలేదు నాయనా.
ఆ పొద్దు నేను ఏడవను గూడా లేదు.
పొట్లం మళ్లా జేబులోనే పెట్టి
అంగీ మడిచి పెడితి.
మడత చూసి, అమ్మకు తెలిసిందని
నీకు తెలుస్తాదనుకుంటి."

బళ్లారి గూడ్సు పోతా ఉంటే రేకులు అదిరినాయి.
ఎవురూ తల తిప్పలేదు.
వాడు పొట్లం జేబులో పెట్టినాడు.
గుండీలు పెట్టినాడు, కిందినుంచి పైకి.
చేతులు లోపలికి మడిచినాడు.
అరచేత్తో సాపు చేసినాడు, ఇస్త్రీ మాదిరి,
ఒకసారి, ఇంకోసారి.
నేను పుస్తకం మూసేస్తి.
ముప్పై ఏండ్లల్లో, నాటకం ముగియకముందే
మూసింది అదొక్కసారే.

అంతా బాగైపోయిందని జెప్పను.
తొమ్మిదో నాడు, అమ్మేవాని వేషమేసిన ఈరన్న
తెల్లారేసరికి మంచం మీద లేడు.
వాని టోపీ ఇంకా మేకుకే ఉంది.

మొన్న మంగళవారం వన్నూరప్ప దాని దిక్కే చూస్తా అడిగినాడు,
"ఆ వేషం నేనెయ్యనా తాతా?"
ఇప్పుడొద్దులేరా, అంటి.
ఇంకొన్నాళ్లు చీరే కట్టు.

కుచ్చిళ్లు బాగనే పెడతాండాడు ఇప్పుడు.