తీయొద్దు

గుణుపురం ఆసుపత్రిలో మెట్ల కింద గది.
సెలైన్ అట్టపెట్టెల మధ్య
మా సర్వరు గురక పెడుతుంటుంది.
దానికి ఏసీ ఉంది. నాకు లేదు.

బిరంచి సాబతో బాబు రిటైరై బరంపురం వెళ్తూ
తాళాల గుత్తి ఇచ్చారు,
పాస్‌వర్డుల నోటుబుక్కు ఇచ్చారు.
పదకొండేళ్ల అలవాట్లు మాత్రం
ఫైళ్లలో ఎక్కడివక్కడ వదిలేశారు.

ఒకే ఫైలు,
పాతది, మరీ పాతది, రథయాత్ర ముందుది,
"ఇదే అసలుది",
పక్కనే "ఇదే అసలుది రెండు".
ఎవరొస్తే ఏ తలుపు తీయాలో
ఎవర్ని గుమ్మంలోనే ఆపాలో
రాత్రి ఎన్నింటికి లేచి ఏ లెక్క చూసుకోవాలో
అన్నీ వాటిలోనే.
రిపోర్టులు పోతే గోల చేయడానికి రోగులున్నారు.
ఇవి పోతే
దీపాలన్నీ వెలుగుతూనే
తానెవరో తెలియని మనిషిలా
కూర్చుంటుంది మిషను.

శ్రావణమంతా సర్దాను.
అన్నిటినీ ఒక్క చోటికి తెచ్చి తేదీలు వేసి
ఏది మార్చినా ఎందుకో ఒక ముక్క రాయాలని
నాకు నేనే రూలు పెట్టుకున్నాను.
రోజూ రాత్రి ఒక నకలు.

అలా సర్దుతుంటే దొరికింది
ఒడియా అక్షరాల్లో తెలుగు మాట,
"తీయొద్దు".
దాని కింద ఒకే లైను,
మా ఆసుపత్రిలో ఏ మిషనుకీ లేని నంబరు.

తీసేశాను.
ఎందుకో రాయలేదు కూడా.

మూడు రోజులు ఏమీ కాలేదు.
నాలుగో రోజు కాన్పుల వార్డు ప్రింటరు మూగబోయింది.
సుకాంతి సిస్టరు చేత్తోనే రాసింది
పిల్ల బరువు, పుట్టిన వేళ,
తల్లి పేరు గొర్సంగి సబర.
రాస్తూ రాస్తూ నా వైపు ఒక్క చూపు.

ఫోన్ చేస్తే బిరంచి బాబు నవ్వారు.
"ఎందుకో నాకూ గుర్తు లేదమ్మా.
దాని కోసం ఒక రాత్రంతా తిండి మానేసిన గుర్తు."
మరి తెలుగులో ఎందుకండీ?
"మా ఆవిడది పాతపట్నం.
ఊరగాయ జాడీ మూత మీద అదే రాస్తుంది.
ఆ ఒక్క మాటకీ ఇంట్లో అందరం భయపడతాం."

సోమవారం నకలు తెరిచాను.
లైను ఉంది. తెచ్చి పెట్టాను.
ప్రింటరు దగ్గి, కాగితం కక్కింది.
ఆయన మాట కింద నా మాట చేర్చాను,
"కాన్పుల వార్డు. పూర్తి కారణం తెలియదు."

ఇప్పుడు ప్రతి శనివారం ఒక నకలు
హోమియో మాత్రల డబ్బాలో పెట్టి
పర్లాకిమిడి బస్సెక్కిస్తాను.
వంశధార పొంగితే మా మెట్ల కింది గదికే కదా
ముందు తెలిసేది.
"ఏటున్నాది మేడమ్, బంగారవా?"
కండక్టరు దండాసి డబ్బా ఊపి చూసి
చిల్లర సంచిలో పడేసుకుంటాడు.

పోయిన వారంది తిరుగు బస్సులో వస్తుంది.
మూలనున్న పాత కంప్యూటరులోకి దాన్ని ఎక్కించి
ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాను.
లేచి పలికితేనే టీ.
ఈ ఏడాది రెండు వారాలు
టీ తాగలేదు.