పెట్టెకు పదకొండు సెంట్లు

వల్పరాయిసో, ఆగస్టు, నిండు చలికాలం.
ఐదో అంతస్తు కిటికీలోంచి
రేవు సగమే కనబడుతోంది.
తక్కిన సగం పొగమంచు పద్దులో ఉంది.

ముప్ఫై ఒక్కమందిమి, మెళ్లో పేరుబిళ్లలతో.
నాలుగు రోజుల శిక్షణ, రుసుము కంపెనీ ఖాతాలో.
ఆంతోఫగస్తా రాగి గనులకు టైర్లు కొనే నిబాల్దో,
మందుల గిడ్డంగులు చూసే మకరేనా,
అందరం డైరెక్టర్లమే.
బడిపిల్లల్లా పెన్సిళ్లు చెక్కుకుంటున్నాం.

ప్రొఫెసర్ బర్రెనెచేయా
బోర్డు మీద సున్నాలు చుట్టి గీతలతో కలిపాడు.
"ఇదీ గొలుసు. ఏ లంకె తెగుతుందో
తెగకముందే తెలియడం వ్యూహం" అన్నాడు.
తెగాక తెలిస్తే దాన్నేమంటారో
ఆయన చెప్పలేదు, నేనడగలేదు.

తర్వాత కేసు పంచారు, పద్నాలుగు పేజీలు.
కంపెనీ 'క'.
సరుకు: త్వరగా పాడయ్యే పండు.
రెండు ఓడల సంస్థల్లో ఒకదాన్ని వదులుకుని
పంటంతా ఒకే ఓడకు అప్పగించిన
సరఫరా అధిపతి, శ్రీ 'మ'.
ఆదా: పెట్టెకు పదకొండు సెంట్లు.

పదకొండు.
ఆ అంకె నా చేతిరాతలో నాకు గుర్తు.
పండు చెర్రీ. ఊరు కురికో.
'మ' మగవాడు కాదు.

ఓడ వెళ్లింది, చేరింది కూడా,
చేరాల్సిన రేవుకి నాలుగు మైళ్ల ఇవతల
లంగరేసుకుని పంతొమ్మిది రోజులు నిలబడింది.
శీతల యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.
చలిలోనూ పండుకు వయసు ఆగదు.
అక్కడి పండగ వచ్చి వెళ్లిపోయింది.
నోటిదాకా వచ్చిన ముద్ద
నోటికి నాలుగు మైళ్ల దూరంలో పులిసింది.

"ఇలాంటి సంతకం ఎవడు పెడతాడు?"
నిబాల్దో అనగానే గది నవ్వింది.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.
మకరేనా మాత్రం నవ్వలేదు,
ఆమె తొమ్మిదో పేజీలో ఏదో లెక్క వేస్తోంది.

కుండలో కూడు కుండలో ఉండాలి,
పిల్లాడు గుండ్రాయిలా ఉండాలి:
ఆ ఏడు మా బోర్డు తీర్మానం ఇంతే.
కేసులో అది 'వ్యయ క్రమశిక్షణ' అయింది.

పదకొండో పేజీలో నష్టాల పట్టిక.
బీమా, వాటా ధర, జరిమానా.
అందులో ఓర్తెన్సియా కయుమాన్ కోసం వెతికాను.
ప్యాకింగ్ షెడ్డు ఆపేసిన సాయంత్రం
తలకున్న వల తీసి నాలుగు మడతలు పెట్టి
"రేపు రావాలా, ఎల్లుండా?" అనడిగిన మనిషి.
ఫోను చేస్తానన్నాను.
ఆమె ఇంకా ఎదురుచూస్తోందని కాదు.
మోగని ఆ ఫోను నాకే వినబడుతోంది.

"సెన్యోరా ఉర్రెహోలా,
శ్రీ 'మ' స్థానంలో మీరుంటే?"

"అదే సంతకం పెట్టేదాన్ని" అన్నాను.
"ఆ నెలలో, ఆ అంకెలు ముందేసుకుని,
ఎంతమంది 'చాలా బాగుంది' అంటున్నా కాదనలేక.
ఓడ వేళకి చేరుంటే
ఈ పద్నాలుగు పేజీలూ
నా బోనసు గురించి ఉండేవి."

ఒక కుర్చీ కిర్రుమంది.
నిబాల్దో నా పేరుబిళ్ల వైపు చూసి,
కేసు వైపు చూసి,
పెన్సిలు కింద పెట్టాడు.
ప్రొఫెసర్ మార్కరు మూత పెట్టాడు,
మళ్లీ తీశాడు,
ఏమీ రాయలేదు.
"విరామం" అన్నాడు. అప్పటికింకా పదిన్నరే.

మధ్యాహ్నం బల్ల మీద గాజుగిన్నె నిండా చెర్రీలు.
మా చలికాలంలో!
"ఉత్తరం నుంచి, విమానంలో" అన్నాడు వడ్డించే కుర్రాడు,
తనే తెచ్చినంత గర్వంగా.

తినలేదు. ఒకటి కాడ పట్టుకుని పైకెత్తాను.
పాత అలవాటు, పండు అబద్ధమాడినా కాడ ఆడదు.
పచ్చగానే ఉంది.
కోసి తొమ్మిది రోజులు, మహా అయితే పది.

ఎక్కడో ఎవరో నిద్ర మానుకుని
దీన్ని ఇక్కడిదాకా తెచ్చారు.
పెట్టెకు ఎన్ని సెంట్లు ఎక్కువిచ్చారో
వాళ్లనడగాలనిపించింది.