ఏడో గుంత

బల్లార్షా. మే నెల. రాత్రి తొమ్మిది.
కరెంటు పోయి గంటన్నర.
విలాస్ ఠేంగ్ణే ఇంటి డాబా మీద
చార్జింగు లైటు కింద పరిచిన అట్ట,
అట్ట మీద
మేమెవ్వరం బుద్ధెరిగి చూడనంత పచ్చగడ్డి.

మిల్లు ఆఫీసర్ల క్లబ్బు మూసేసిన్నాడు
తుక్కు వేలంల క్యారం బల్లతోని పాటు వచ్చిందీ డబ్బా.
తొంభై రూపాయలు.
మూడు పాచికలు, ఒకదాని మూల విరిగింది.
గాలి పత్తాలు యాభై రెండుండాలె, నలభై తొమ్మిదున్నయి.
ఒక్కో కర్రకు ఒక్కో పట్టిక, చీమల బారు లెక్క అంకెలు.
అసలు గోల్ఫ్ చూసినోడు మాలో ఒక్కడే, కటకం రాజలింగు.
అదీ నాగపూర్ పోయే రైలు కిటికీల నుంచి,
వెనక్కి ఉరుకుతున్న నాలుగు గొడుగులు.

ఆరు గుంతల దాకా నేనే ముందు.
మళ్ల చెప్తున్న, ఆరు గుంతల దాకా నేనే ముందు.

ఏడోది చిన్నది. నూట నలభై గజాలు.
నడుమ నీళ్లు,
బొటనవేలి గోరంత నీలం మరక.

గలగలలాడించి వేసిన. రెండు, ఒకటి, ఒకటి.
పట్టిక మీద వేలు జరుపుకుంట విలాస్ చదివిండు:
"పాణ్యాత్."
నీళ్లల్ల.
ఒక దెబ్బ జుర్మానా, మళ్ల అక్కడ్నుంచే.
పాణ్యాత్.
కర్ర మార్చిన. చెయ్యి మార్చిన. కూసున్న దిక్కు మార్చిన.
గాలి పత్తా తీస్తే ఎదురుగాలి అన్నది;
డాబా మీద చూస్తే అంగి వీపుకంటుకొని ఊడుతలేదు.
పాణ్యాత్.

నాలుగోసారికి రాజలింగు నవ్వుడు బంద్ చేసిండు.
అయిదోసారికి
సుమన్ వహినీ సగం మెట్లెక్కి తొంగిచూసింది:
"పాణీ ఆలం కా?"

ఎవ్వరం మాట్లాడలే.
నల్లా సప్పుడు చేయక మూడు రోజులాయె.
విలాస్ అట్ట మీద గోరంత నీలం చూపించిండు.
ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది,
బోర్లించిన బిందెల దిక్కు దిగిపోయింది.

ఆరో బంతి దాటింది.
దాటి ఇసుకల పడ్డది. ఇసుకల నాలుగు దెబ్బలు.
ఇరవై రెండేండ్లు బొగ్గుబాయిల దిగినోణ్ని,
గుంతలు నాకు కొత్త కాదు.
అయినా దాని అంచు దాకా పోయి
రెండుసార్లు బయటనే నిలవడ్డది
శక్కరి పలుకంత బంతి.

రాజలింగు మెల్లగ, మర్యాదగ లెక్క కట్టిండు.
మూడు దెబ్బలల్ల ఒడవాల్సింది పద్దెనిమిది.
"మొత్తం ఆటల పద్దెనిమిది గుంతలే గద,
గుంతకొక్కటి చొప్పున ఇక్కడ్నే కట్టేసినవ్" అన్నడు.
ఓదార్పే అనుకున్న.

గప్పుడు కింద గొట్టంల గాలి దగ్గింది.
గురగుర. మళ్ల దగ్గింది.
"ఆలం! పాణీ ఆలం!"
గల్లీ గల్లీల బిందెలు లేచినయి.
రాజలింగు ఒక్క చెప్పుతోనే ఉరికిండు,
విలాస్ లైటెత్తుకొని పోయిండు.

చీకట్ల నేను, అట్ట.
ఎవ్వరు చూస్తలేరని
ఇంకొక్కసారి వేసిన.
చుక్కలు వేలితో తడిమి చూసిన.
ఆరు. ఆరు.
మూడోది ఆ విరిగినదే, తెలుస్తలేదు.
కింద నుంచి పిలుస్తున్నరు
ఒక బకెట్ పట్టరమ్మని.