కుక్కకు పెట్టిన పేరు

ఆ ఏటి చలికి
కోడిపుంజుల తురాయిలు నల్లబడి రాలిపోయాయి.
పీపాలో ద్రాక్షరసం రాయైపోతే
మా పాదిరీ గొడ్డలితో పగలగొట్టి
పూజకి ముక్క తీసుకెళ్లాడు.
గోధుమ మొలక నేలలోనే కుళ్లింది.
మార్చి నెలాఖరున మోన్స్ సంతలో రాగి బాన అమ్మి
బార్లీ విత్తనం కొన్నాను.

బాన సంగతి చెప్పాలి.
నా మొగుడు ఆన్సెల్మ్ పిల్లాజెల్లా లేకుండా పోయాడు.
గోతిమీద మట్టి తడారకముందే
మరుదులిద్దరూ వచ్చి
చెరో చెవీ పట్టుకుని లాగారు దాన్ని.
పాదిరీ వచ్చాడు, ఏమీ అనలేదు,
వెళ్లి బానలో కూర్చున్నాడు.
బరువైన మనిషి.
"ఇప్పుడు లాగండి" అన్నాడు.
దీపాలవేళకి తగువు తీరింది.

ఎక్కడో స్పెయిన్‌లో కూడా ఒకాయన
పిల్లల్లేకుండా పోయాడని విన్నాం.
ఆయన బాన పెద్దది.
అందులో కూర్చునేవాడు దొరకలేదు కాబోలు,
ఎనిమిదేళ్లుగా లాగుతూనే ఉన్నారు.

సెప్టెంబరులో ఆ లాగుడు మా అడవిదాకా వచ్చింది.
తెల్లకోట్లవాళ్లు నా కొట్టం తలుపులు పీకి
మట్టికట్టకి దన్నుగా పెట్టుకున్నారు.
ఒక సార్జెంటు నా బార్లీ బస్తాలు లెక్కపెట్టి
రాజుగారు చెల్లిస్తారని చీటీ రాసిచ్చాడు.
చీటీ ఇప్పటికీ ఉంది,
పొయ్యి పక్క గోడ పగుల్లో దోపాను,
గాలి రాకుండా.

ఆ పొద్దున అంతా మంచు.
ఏమీ కనపడలేదు, అందుకే ఎక్కువ వినపడింది.
నేలమాళిగలో టర్నిప్‌ల మధ్య కూర్చున్నాను.
ఫిరంగి పేలినప్పుడల్లా
జల్లెడలోంచి పిండిలా మట్టి రాలింది నెత్తిమీద.
కాసేపు లెక్కపెట్టాను.
తర్వాత లెక్క వదిలేశాను. జపమాల కూడా.
మధ్యాహ్నం దాటాక గుర్రాలు.
గుర్రాలు అలా ఏడుస్తాయని అంతవరకూ నాకు తెలీదు.

ఎవరు గెలిచారని అడుగుతుంటారు.
ముందొచ్చినవాళ్లు దక్షిణానికి నడిచి వెళ్లారు.
వెనకొచ్చినవాళ్లకి నడిచే ఓపిక లేదు.
మీరే చూసుకోండి.

తలుపుల్లేని కొట్టంలో ఒక కుర్రాడు.
నీలం కోటు. మీసం ఇంకా ఆలోచనలోనే ఉంది.
దొంగిలించిన కోడిపిల్లని దాచుకున్నట్టు
రెండు చేతులా పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.
నన్ను చూసి "వెట్టర్" అన్నాడు.
గుండెమీద చెయ్యేసుకుని
"పెరోన్" అన్నాను నేను.
"వెట్టర్" అన్నాడు మళ్లీ.
మంచి పేరు, అన్నాను.

దాచుకున్న ఆఖరి రొట్టెముక్క
నమిలి మెత్తచేసి నోట్లో పెట్టాను.
నాలుకమీద అలాగే ఉండిపోయింది.
రాత్రంతా అదే మాట.
తప్పిపోకుండా
తనని తానే పిలుచుకుంటున్నాడనుకున్నాను.
పిలిచినప్పుడల్లా పలికాను,
ఉన్నావు వెట్టర్, ఇక్కడే ఉన్నావు.
బయట చూరునుంచి వాన
తొట్టిలోకి కారుతూనే ఉంది.

తెల్లారేముందు మాట ఆగింది.
బూట్లు నాకు మిగిలాయి.
వాటికోసం ఏ మరిదీ రాలేదు.

చలి మొదలయ్యాక ఒక కుక్కపిల్ల చేరింది,
ఒక చెవి కాలింది.
పేరు కోసం వెతుక్కోలేదు.
వారసులు లేని ఇల్లు,
ఒక పేరైనా తిరగాలి కదా అందులో.
ఏడేళ్లు పొలం గట్టున నిలబడి
గొంతెత్తి పిలిచాను.
పక్క ఊరివాళ్లకి కూడా నోరు తిరిగింది ఆ పేరు.

సంధి కుదిరింది, దారులు తెరుచుకున్నాయి.
ఉత్తరాన సముద్రపొడ్డునుంచి
పశువుల బేరగాడొకడు వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.
మా భాష నాలుగు ముక్కలు కూడా రావు.
సాయంత్రమైందని కుక్కని పిలిచాను,
వెట్టర్! వెట్టర్!

అతను చప్పున లేచాడు.
నూతి దగ్గరికెళ్లి
బకెట్టు నిండా తోడి
చుక్క ఒలక్కుండా మోసుకొచ్చి
నా చేతికిచ్చి
నవ్వాడు.

ఎంతసేపు పట్టుకుని నిలబడ్డానో.

కుక్క వచ్చి
దాంట్లో తలపెట్టి తాగింది.