అచ్చు దాసుకోవద్దు

జగదీష్ మార్కెట్ల రెండో గల్లీ,
కూలర్ నీళ్ళు కారే మూలకు నా బల్ల.
నాలుగడుగుల దుకానం, అండ్ల సగం
ఫోన్ కవర్లమ్మే పిలగానికి కిరాయికిచ్చిన.

నాకు పని నేర్పిన ఖుద్దూస్ భాయ్
ఫోన్లు రాకముందు సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్ మీద
ఆకురాయితోని తాళంచెవులు రాకేటోడు.
సబ్బు బిళ్ళ మీద ఒత్తిన అచ్చు చూపిచ్చి ఒకసారి చెప్పిండు:
"చెవి చేతికిచ్చినంక దీన్ని కరగబెట్టాలె బేటా.
దాసుకుంటివా, రేపటి దొంగవు నువ్వే.
నువ్వు కాకుంటే నీ కొడుకు.
వాడు కాకుంటే నీ పెట్టె ఎత్తుకపోయినోడు."

తలూపిన.
తలూపుడుకేం పోయింది.

రెండేండ్ల కింద కాలేజీ పిల్ల ఒకామె
డిస్‌ప్లే ఏపిచ్చుకోను ఇచ్చిపోయింది.
చెక్ చేస్తానికని నంబరు చెప్పింది.
డిస్‌ప్లే మంచిగనే కూసున్నది,
నేనే మంచిగ లేను ఆ పూట.
ఫోటోలు తెరిచిన. ఒకటి. ఇంకొకటి.
సాయంత్రం వచ్చి "థాంక్యూ భయ్యా" అన్నది,
నలభై రూపాయలు ఎక్కువిచ్చింది.
ఆ నలభై ఏం చేసిన్నో యాది లేదు,
ఆ భయ్యా మాత్రం
ఇంకా చెవుల్ల రాకుతనే ఉన్నది.

గందుకే చెప్తున్న,
తాళమంటే నాకున్న గౌరవం
మంచోని గౌరవం కాదు.

మొన్న వానకాలంల ఒక కానిస్టేబుల్ వచ్చిండు,
మఫ్టీల, నెత్తి మీది హెల్మెట్ తియ్యకుంట.
మూలకు పగిలిన ఫోను, ఎనక పోచమ్మ స్టిక్కరు.
"తెరువు."
కాగితమేమన్న ఉన్నదా సార్ అన్న.
"నువ్వేమన్న జడ్జివారా?"
కేబుల్ పెట్టిన. వచ్చినంత చేసిన, రానట్టు గూడ చేసిన,
అండ్ల ఏది ఎంతనో నాకే తెల్వదు.
బయట ఆరంకెలు. లోపల
మాట మాటకు ఒక గొళ్ళెం.
రాదు సార్ అన్న.
"దాసేటిది లేనోనికి తాళమెందుకు?" అనుకుంట
నా చాయ్ తాగిండు.
పోయేటప్పుడు తన ఫోను తీసి, అద్దం అటు తిప్పుకొని,
ఏలు పెట్టి తెరిచిండు.

మూడు నెలలకు ఉప్పుగూడ నుంచి ఒకామె. పేరు అండాలు.
ప్లాస్టిక్ కవర్ల ఫోను,
దాని మీద నంబరేసిన చీటి ఇంకా చింపలే.
అదే మూల. అదే పగులు. అదే పోచమ్మ.
"మా శ్రీశైలంది కొడుకా.
అత్తాపూర్ కాడ, పిల్లర్ నూట నలభై తొమ్మిది.
ఏ బండి గుద్దిందో ఎవ్వలు చెప్తలేరు.
వాడు రాసుడు తక్కువ, గొంతు రికార్డు చేసి పంపేటోడు.
ఉంటది గదా లోపల?"

పుట్టిన తారీకు కొట్టినం. చెల్లె పెండ్లి తారీకు.
బండి నంబరుల అంకెలు, అన్ని సున్నాలు.
గంట ఆగమన్నది ఫోను.
గంట కూసున్నం. సద్దిల సగం నాకు పెట్టింది,
చింతకాయ తొక్కు, చల్లబడ్డ అన్నం.

ఆ గంటంత తాళాన్ని తిట్టుకున్న.
వాని గొంతు పక్కపొంటే
గుద్దినోని పేరు గూడ పండుకొని ఉన్నదేమో ఇండ్ల.
ఈమెకు తెర్సుకునే తాళమే అయితే
ఆ హెల్మెటాయనకు వానకాలంలనే తెర్సుకుంటుండె,
నాసుంటోనికి దినాం తెర్సుకుంటుండె.
తాళానికి ముఖాలు తెల్వయి.
ఇది తెల్సి గూడ ముద్ద దిగలే.
ఖుద్దూస్ భాయ్ అచ్చులన్ని కరగబెట్టిండు నిజమే,
ఇసుంటి తల్లి ముంగట మాత్రం
ఏనాడు కూసోలేదు.

రాదమ్మా అన్న.
కొంగుతోని అద్దం తుడిచింది.
తెర ఎలిగింది: పండ్లన్ని కనబడంగ నవ్వుతున్న పిలగాడు,
కింద పద్నాలుగు మెసేజులు, పేర్లు లేవు.
"వాళ్ళకు గూడ తెర్సుకోలేదా?" అన్నది.
లేదమ్మా.
"చిన్నప్పటి సంది అంతే వాడు.
కొట్టినా చెప్పకపోతుండె."
చెప్పుకుంట జరంత నవ్వింది.

నెలకోసారి వస్తది,
చార్జింగ్ పెట్టిచ్చుకోను.
ఇంట్ల చార్జర్ ఉన్నది ఆమెకు.